సంపులో బురద, రేవులో బురద

ఎండాకాలంలో మా అపార్ట్‌మెంట్ సంపు అడుగంటితే ట్యాంకర్ తెప్పిస్తాం. హైదరాబాద్‌లో ఇది మామూలే. నీళ్లు ధారగా పడగానే అడుగున పేరుకున్న బురదంతా లేస్తుంది. ఆగలేక మోటార్ వేశామా, అన్ని కుళాయిల్లోనూ టీ రంగు నీళ్లే. "పొద్దున దాకా ఆగండి సార్" అంటాడు వాచ్‌మన్.

నది ఒడ్డున ఉన్న రేవుల్లో పూడిక తీసేవాళ్ల తలనొప్పి కూడా ఇదే. కాకపోతే వాళ్ల సంపు పారుతూ ఉంటుంది.

మిల్లీమీటరులో పదో వంతుండే ఇసుక రేణువు కదలని నీటిలో మీటరు దిగడానికి సుమారు 2 నిమిషాలు చాలు. 2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బంకమట్టి రేణువుకు దాదాపు 3 రోజులు! సైజు 50 రెట్లు తగ్గితే దిగే వేగం 2,500 రెట్లు తగ్గుతుంది. ఈలోగా ప్రవాహం దాన్ని ఎన్ని ఊళ్లు దాటిస్తుందో.

ఒట్టి మట్టయితే అంత టెన్షన్ లేదు. వరదల్లో గోదావరి ఎలాగూ ఎర్రగానే పారుతుంది. చిక్కంతా ఆ మట్టిని పట్టుకున్నవాటితోనే. గాలి తగలని బురదలో సీసం, కాడ్మియం లాంటి లోహాలు గంధకంతో కలిసి కదలకుండా పడి ఉంటాయి. కెలికితే ఆక్సిజన్ తగిలి ఆ బంధం వదులుతుంది. బురద ఆ ఆక్సిజన్‌నే తాగేసి చేపలకు ఊపిరాడనివ్వదు. కుళ్లిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడూ అక్కడిదే. ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకుని నడిచినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అమెరికాలోని హడ్సన్ నదిలో ఫ్యాక్టరీలు దశాబ్దాల పాటు వదిలిన పీసీబీ అనే విషాన్ని 2009 నుంచి 2015 దాకా తవ్వితీశారు. తవ్వాలా, అలాగే వదిలేయాలా అన్న వాదన మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది.

తవ్వక తప్పనప్పుడు మూత ఉన్న బకెట్‌తో తోడతారు. లేచిన బురద బయటికి పోకుండా చుట్టూ తేలే తెరలు కడతారు. ఫొటోల్లో అవి బాగుంటాయి గానీ, ప్రవాహం జోరుగా ఉంటే నిలవవు. నాకు వాటికన్నా నీళ్లు ఎంత బురదగా ఉన్నాయో కొలిచే మీటర్ల మీదే నమ్మకం. ఎగువన ఒకటి, దిగువన ఒకటి పెట్టి, రెంటి మధ్య తేడా హద్దు దాటగానే పని ఆపించాలి. కాలమూ చూసుకోవాలి: వరద గోదావరిలో పులస ఎదురీదే రోజుల్లో నది అడుగు కెలకడం ఏం తెలివి?

ఇక తోడిన బురదను గట్టున పోస్తే అందులోంచి ఊరే నీళ్లు మళ్లీ నదిలోకే జారతాయి. ముందు వాటిని ఒక చెరువులో నిలబెట్టి, తేరనిచ్చి, పరీక్షించాకే వదలాలి. అదీ అదే బంకమట్టి, దిగడానికి అవే 3 రోజులు. క్యూబిక్ మీటర్ల లెక్కన బిల్లు పెట్టే కాంట్రాక్టర్‌కు మా వాచ్‌మన్ ఓపిక ఉంటుందా?