పెళ్లి చేసుకుంటే డిపోర్టేషన్ ఆగిపోతుందా? అమెరికా ఓవర్‌స్టే కేసుల్లో అపోహలు - వాస్తవాలు

"అమ్మాయి సిటిజన్ అండీ. అబ్బాయికి స్టేటస్ పోయింది, కోర్టు నోటీసు కూడా వచ్చింది. ఈ నెలలో పెళ్లి చేసేస్తే సరిపోతుందా?" అమెరికాలో ఇమిగ్రేషన్ లాయర్‌గా తెలుగువాళ్ల నుంచి నాకు తరచుగా వచ్చే ఫోన్ ఇది. జవాబు చెప్పే ముందు నేను మూడు విషయాలు అడుగుతాను. దేశంలోకి ఎలా వచ్చారు? చేసుకోబోయేది సిటిజన్‌నా, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లనా? కేసు ఇప్పుడు యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు తేల్చే ప్రభుత్వ సంస్థ) దగ్గరుందా, కోర్టులో ఉందా? ఇవి తేలకుండా ముహూర్తం గురించి మాట్లాడుకోవడం దండగ. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాల్లో ఈ మూడూ ఎప్పుడూ ఉండవు.

అపోహ: సిటిజన్‌ను పెళ్లి చేసుకుంటే స్టేటస్ దానంతటదే వచ్చేస్తుంది

రాదు. పెళ్లితో వచ్చేది దరఖాస్తు పెట్టుకునే దారి మాత్రమే. సిటిజన్ అయిన భార్యో భర్తో ఐ-130 పిటిషన్ వేయాలి, దాని ఆధారంగా రెండోవాళ్లు ఐ-485తో గ్రీన్ కార్డ్ అడగాలి. ఐ-130 రసీదు చేతికి రాగానే "ఇక టెన్షన్ లేదు" అనుకునేవాళ్లు చాలామంది. పిటిషన్ పెండింగ్‌లో ఉన్నా, అప్రూవ్ అయినా సరే, ఒక్క దాని వల్లే స్టేటస్ రాదనీ, డిపోర్టేషన్ ఆగదనీ యూఎస్‌సీఐఎస్ 2025 ఆగస్టులో తన పాలసీలో మళ్లీ రాసిపెట్టింది. అదే ఏడాది నవంబరులో శాన్ డియాగోలో గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూకు వచ్చిన కొందరిని, సిటిజన్ల భార్యాభర్తలని తెలిసి కూడా, ఓవర్‌స్టే (గడువు దాటి ఉండిపోవడం) కారణంగా ఐస్ (డిపోర్టేషన్ అమలు చేసే సంస్థ) అధికారులు అక్కడే అదుపులోకి తీసుకున్నారు. అందుకని ఇంటర్వ్యూ ఎగ్గొట్టమని కాదు. ఎగ్గొడితే దరఖాస్తే పోతుంది. లాయర్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి, ఇంట్లో ఒకరి దగ్గర ఏ-నంబరు (మీ ఇమిగ్రేషన్ ఫైలు నంబరు), కాగితాల కాపీలు ఉంచండి.

అపోహ: ఓవర్‌స్టే అయితే ఇక ఎవరిని చేసుకున్నా లాభం లేదు

ఇది పూర్తిగా తిరగేసిన భయం. మొదటి అపోహ కన్నా ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే, ఎందుకంటే ఈ భయంతోనే చాలామంది కోర్టుకు వెళ్లడం మానేస్తారు.

చట్టం ఏం చెబుతుందంటే: వీసా మీద ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ ముందు నిలబడి సక్రమంగా దేశంలోకి వచ్చినవాళ్లు, తర్వాత గడువు దాటి ఉండిపోయినా, పర్మిట్ లేకుండా పని చేసినా, సిటిజన్ భార్య లేదా భర్త అయితే దేశం విడిచి వెళ్లకుండానే గ్రీన్ కార్డ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. సిటిజన్ల దగ్గరి బంధువులకు చట్టంలోనే ఇచ్చిన మినహాయింపు ఇది. ఓవర్‌స్టే ఎన్నేళ్లన్నది ఇక్కడ అడ్డు కాదు. అయితే అర్హత ఉన్నంత మాత్రాన ఇచ్చి తీరాలని లేదు, చివరి నిర్ణయం అధికారి విచక్షణ.

సరిహద్దు దొంగతనంగా దాటి వచ్చినవాళ్లకు మామూలుగా ఈ దారి లేదు. ఓడ సిబ్బంది వీసా మీద వచ్చినవాళ్లకూ లేదు. జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్) వీసా మీద వచ్చి రెండేళ్లు ఇండియాలో ఉండాలన్న షరతు ఉంటే, పెళ్లి ఆ షరతును కొట్టేయదు.

గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లను చేసుకుంటే కథ వేరు. వాళ్ల భార్యాభర్తలకు ఓవర్‌స్టే మినహాయింపు వర్తించదు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డ్ తీసుకునేవాళ్లకు 180 రోజుల వరకు సడలింపు ఉంటుంది. దాన్ని చూసి ఇక్కడా ఉందనుకుంటారు, లేదు. గ్రీన్ కార్డ్ ఉన్న ఆ భాగస్వామి సిటిజన్ అయ్యేదాకా ఆగాలి. కోర్టు అందాకా ఆగుతుందా అన్నది జడ్జి చేతిలో ఉంటుంది.

ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చినవాళ్లకు ఇంకో మెలిక. స్టేటస్ పోవడం వేరు, "అన్‌లాఫుల్ ప్రెజెన్స్" (చట్టవిరుద్ధంగా ఉన్న రోజులు) లెక్క మొదలవడం వేరు. ఐ-94 (దేశంలోకి వచ్చేటప్పుడు ఇచ్చే రికార్డు) మీద తేదీ ఉంటే ఆ తేదీ దాటిన మర్నాటి నుంచి లెక్క. స్టూడెంట్ల ఐ-94 మీద తేదీకి బదులు "డీ/ఎస్" (స్టేటస్ ఉన్నంతకాలం ఉండొచ్చని) అని ఉంటే, యూఎస్‌సీఐఎస్ ఏదైనా దరఖాస్తు తేలుస్తూ స్టేటస్ తప్పిందని రాసినప్పుడో, జడ్జి ఆర్డర్ ఇచ్చినప్పుడో ఆ లెక్క మొదలవుతుంది. ఈ డీ/ఎస్ పద్ధతినే తీసేయాలని 2025 ఆగస్టులో ప్రభుత్వం ప్రతిపాదన పెట్టింది. రూమ్మేట్ ఐ-94 చూసి మీ లెక్క వేసుకోకండి. 2011లో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు, 2019 జనవరిలో మిషిగన్‌లో ఐస్ నడిపిన నకిలీ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడినప్పుడు ఎందరో తెలుగు పిల్లలు స్టేటస్ పోగొట్టుకున్నారు. "మా కాలేజీయే నకిలీ, మాకిక దారి లేదు" అనుకున్నవాళ్లు అప్పుడూ ఉన్నారు. వాళ్లు కూడా వీసాతో, ఆఫీసర్ తనిఖీ చేశాకే లోపలికి వచ్చినవాళ్లే, కాబట్టి సిటిజన్‌ను చేసుకుంటే పై మినహాయింపు అడిగే దారి వాళ్లకూ ఉంది.

అపోహ: కోర్టు నోటీసు వచ్చాక చేసుకున్న పెళ్లి చెల్లదు

చెల్లుతుంది, కానీ బరువు పెరుగుతుంది. ఎన్టీఏ అనే నోటీసుతో డిపోర్టేషన్ కేసు మొదలయ్యాక జరిగిన పెళ్లిని చట్టం అనుమానంతోనే చూస్తుంది. 1986లో వచ్చిన సవరణ ప్రకారమైతే అలాంటి జంటలో విదేశీ భాగస్వామి రెండేళ్లు దేశం బయట ఉండి రావాల్సిందే. 1990లో ఒక మినహాయింపు పెట్టారు: పెళ్లి నిజమైనదని స్పష్టంగా, గట్టి ఆధారాలతో నిరూపిస్తే ఇక్కడే ఉండి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మినహాయింపు కావాలని ఐ-130తో పాటు రాతపూర్వకంగా అడగాలి. అడక్కుండా ఫారం మాత్రం పంపేసి, తిరస్కరణ వచ్చాక ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ.

ఆధారాలంటే మనవాళ్లకు మొదట గుర్తొచ్చేది పెళ్లి ఆల్బమ్. తలంబ్రాలు, మంగళసూత్రం, అప్పగింతలు, అన్నీ డ్రోన్ షాట్లతో సహా ఉంటాయి. ఆ రోజు తర్వాత ఇద్దరూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటి ఉండదు. ఆఫీసర్ చూసేది పెళ్లిరోజును కాదు, ఆ తర్వాతి మామూలు రోజుల్ని. ఇద్దరి పేర్లూ ఉన్న లీజు, ఒకరి ఇన్సూరెన్స్‌లో ఇంకొకరు, కలిసి వేసిన టాక్స్ రిటర్న్, బిడ్డ పుడితే బర్త్ సర్టిఫికెట్ లాంటివి కావాలి. జాయింట్ అకౌంట్ తెరిచి యాభై డాలర్లు వేసి వదిలేస్తే అది ఆధారం కాదు, అనుమానం. అద్దె, కరెంటు బిల్లు, ఇండియన్ స్టోర్‌లో కొన్న కందిపప్పు, కరివేపాకు అన్నీ అదే అకౌంట్ నుంచి పోతుంటే ఆ స్టేట్‌మెంట్ దానంతటదే మాట్లాడుతుంది.

వాట్సాప్ చాట్లు కూడా పనికొస్తాయి. కానీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన "తిన్నావా, ఎప్పుడొస్తావ్" కూడా తెలుగే కాబట్టి సర్టిఫై చేసిన అనువాదం జతచేయాలి.

అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. కులం వేరో మతం వేరో అయితే, "ఇంట్లో ఇంకా చెప్పలేదండీ" అంటారు. విజయవాడలో తల్లిదండ్రులకు తెలియదు, ఫేస్‌బుక్‌లో ఫోటో లేదు, వేరే సంబంధాలు కూడా చూస్తూనే ఉన్నారు. ప్రేమ నిజమే కావచ్చు. ఆఫీసర్‌కు మాత్రం దాచిన పెళ్లి అబద్ధపు పెళ్లిలాగే కనిపిస్తుంది. ఇంట్లో చెప్పకపోవడానికి కారణం ఉంటే దాన్ని డిక్లరేషన్‌లో సూటిగా రాయాలి, తెలిసిన స్నేహితుల అఫిడవిట్లు పెట్టాలి. ఇంటర్వ్యూలో ఇద్దరినీ వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి నిన్న రాత్రి ఏం వండారో కూడా అడగొచ్చు. గుర్తు లేకపోతే గుర్తు లేదనే చెప్పండి. ఊహించి చెప్పిన జవాబులే రెండు గదుల్లో రెండు రకాలుగా వస్తాయి.

కోర్టులో కేసు ఉన్నప్పుడు ఐ-130ను తేల్చేది యూఎస్‌సీఐఎస్, గ్రీన్ కార్డ్ దరఖాస్తును తేల్చేది సాధారణంగా జడ్జి. మధ్యలో వాయిదా కావాలి. పెండింగ్ ఐ-130 ఉన్నప్పుడు ఏమేం చూడాలో 2009లో హష్మి కేసులో అప్పీళ్ల బోర్డు చెప్పింది: పిటిషన్ పైపైన చూస్తే గెలిచేలా ఉందా, తర్వాత గ్రీన్ కార్డ్‌కు అర్హత ఉందా, ఇప్పటికే ఎన్నిసార్లు వాయిదా అడిగారు వగైరా. "పెళ్లైంది, టైం ఇవ్వండి" అంటే చాలదు. పూర్తి ఫైలు ముందు పెట్టి అడగాలి.

అపోహ: ఇండియా వెళ్లిపోయి కాన్సులేట్‌లో వీసా తెచ్చుకుంటే నీట్‌గా ఉంటుంది

చాలా కేసులు ఇక్కడే పాడవుతాయి. అన్‌లాఫుల్ ప్రెజెన్స్ 180 రోజులు దాటి ఏడాది లోపు ఉండి, కోర్టు కేసు మొదలవకముందే తమంతట తాము దేశం విడిచి వెళితే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉండి వెళితే పదేళ్లు మళ్లీ రానివ్వరు. ఈ నిషేధం మొదలయ్యేది విమానం ఎక్కినప్పుడే. ఇక్కడే ఉండి తేల్చుకోగలిగిన మనిషి అనవసరంగా బయటకు వెళ్లి ముంబయి కాన్సులేట్ ముందు నిలబడతాడు. వేవర్ (ఈ నిషేధం నుంచి మినహాయింపు) ఉంది, కానీ దానికి సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ ఉన్న జీవిత భాగస్వామికో తల్లిదండ్రులకో తీవ్రమైన కష్టం కలుగుతుందని రుజువు చేయాలి.

"వాలంటరీ డిపార్చర్" (ఆర్డర్ లేకుండా గడువులోగా తామే వెళ్లిపోయే అనుమతి) తీసుకుని వెళ్లకుండా ఉండిపోవడం ఇంకా చెడ్డది. పదేళ్ల పాటు గ్రీన్ కార్డ్ దరఖాస్తుకే అనర్హత, పైగా జరిమానా.

అపోహ: హియరింగ్‌కు వెళితే పట్టుకుంటారు, పెళ్లయ్యేదాకా వెళ్లకపోవడమే మేలు

వెళ్లకపోతే మీరు లేకుండానే డిపోర్టేషన్ ఆర్డర్ వస్తుంది. ఆ తర్వాత చేసుకున్న పెళ్లికి ఐ-130 అప్రూవ్ అయినా ఆర్డర్ మాత్రం అలాగే ఉంటుంది, ముందు దాన్ని తెరిపించాలి. కేసు తిరిగి తెరవమనే మోషన్‌కు మామూలు గడువు 90 రోజులు. నోటీసే అందలేదని నిరూపిస్తే ఎప్పుడైనా అడగొచ్చు.

మనవాళ్లు ఇక్కడ ఓడిపోయేది అడ్రస్ దగ్గర. అపార్ట్‌మెంట్ మారతారు, పాత రూమ్మేట్ ఉత్తరాలు చూడడు. కేసు కోర్టులో ఉంటే కొత్త అడ్రస్ అయిదు పనిదినాల్లో కోర్టుకు ఈఓఐఆర్-33 ఫారంతో చెప్పాలి. యూఎస్‌సీఐఎస్‌కు పది రోజుల్లో ఏఆర్-11తో చెప్పాలి. ఒకరికి చెబితే రెండోవాళ్లకు చెప్పినట్టు కాదు. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం ఖర్చుతో లాయర్‌ను ఇవ్వరన్నది కూడా గుర్తుంచుకోండి.

అపోహ: ఊళ్లో పెద్దమనుషుల ముందు విడాకులు అయిపోయాయి కదా

స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, పెద్దమనుషులు సాక్షి సంతకాలు చేసిన కాగితాన్ని లామినేషన్ చేయించి తెస్తారు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం జరిగే విడాకులను హిందూ వివాహ చట్టం గుర్తిస్తుంది, నిజమే. ఆ ఆచారం ఉందని నిరూపించడం మాత్రం ఇక్కడ చాలా కష్టం. మొదటి పెళ్లి చట్టప్రకారం రద్దు కాకపోతే రెండో పెళ్లి చెల్లదు, దాని మీద వేసిన ఐ-130 కూడా నిలవదు. సిటిజన్ వైపు పాత పెళ్లికీ ఇదే వర్తిస్తుంది. ఫ్యామిలీ కోర్టు డిక్రీ తెచ్చుకుని, అప్పుడు చేసుకోండి.

అపోహ: డబ్బిస్తే "పేపర్ మ్యారేజ్" ఏర్పాటు చేసేవాళ్లున్నారు

ఉన్నారు. నేరం రుజువైతే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. అది ఒక ఎత్తు. ఫ్రాడ్ అని ఫైలులో ఒకసారి తేలితే, తర్వాత నిజంగా ప్రేమించి చేసుకున్నా జీవితాంతం ఏ పిటిషనూ అప్రూవ్ కాదు. దీనికి వేవర్ లేదు.

దీనంత ప్రమాదకరమైనదే ఇంకోటి: ఉద్యోగం కోసం ఐ-9 ఫారంలో "సిటిజన్" అన్న గడిలో టిక్ పెట్టడం. "గ్యాస్ స్టేషన్‌లో మేనేజర్ పెట్టమన్నాడు" అంటారు. సిటిజన్‌నని అబద్ధం చెప్పినట్టు తేలితే గ్రీన్ కార్డ్‌కు శాశ్వత అనర్హత, పెళ్లి కూడా కాపాడదు. చేసి ఉంటే ఫారాల మీద సంతకం పెట్టకముందే లాయర్‌కు చెప్పండి.

అపోహ: పిటిషన్ వేసినవాళ్లు చెప్పినట్టు పడి ఉండాల్సిందే

"వెనక్కి తీసుకుంటాను, నిన్ను పంపించేస్తారు" అని భాగస్వామి బెదిరిస్తున్నారని నాతో చెప్పుకునేది ఎక్కువగా మన ఆడపిల్లలే, అప్పుడప్పుడు మగవాళ్లు కూడా. ఐ-130 వెనక్కి తీసుకునే హక్కు వేసినవాళ్లకు ఉంది. కానీ సిటిజన్ లేదా గ్రీన్ కార్డ్ ఉన్న భాగస్వామి కొడుతున్నా, తీవ్రంగా హింసిస్తున్నా, వావా (గృహహింస బాధితుల రక్షణ) అనే చట్టం కింద బాధితులే సొంతంగా ఐ-360 వేసుకోవచ్చు. ఆడ, మగ ఇద్దరికీ వర్తిస్తుంది, కోర్టు కేసులో ఉన్నా వేయవచ్చు. వేసినట్టు ఆ భాగస్వామికి ప్రభుత్వం చెప్పదు. విడాకులు అయిపోయి ఉంటే, అవి హింసతో ముడిపడినవైతే, అయిన రెండేళ్లలోపు వేయాలి.