ఆగకుండా దాటిపోయిన మంచం

వార్డులో చివరి మంచం చుట్టూ తెర లాగి ఉంటుంది. నర్సు లోపలికి వస్తుంది, బీపీ చూస్తుంది, సెలైన్ చూస్తుంది, రాసుకుని వెళ్లిపోతుంది. రోగి కళ్లు తెరిచే ఉన్నాడు. ఏదో అడగాలని పెదవులు కదిపేలోపే తెర మళ్లీ మూసుకుంటుంది. ఇది చూసిన బంధువులు ఆ నర్సుకి మనసు లేదనుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. వెనక ఉన్న చరిత్ర చదివాక తెలిసింది, అలా ఆగకుండా దాటిపోవడం ఆమెకు నేర్పిన పద్ధతేనని.

1950ల చివర్లో ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో నర్సుల పనిని దగ్గరుండి గమనించారు. అక్కడ నర్సుకి ఒక రోగిని అప్పగించరు, ఒక పనిని అప్పగిస్తారు. ఒకరు అందరి జ్వరం చూడాలి, ఇంకొకరు అందరి పక్కలు సర్దాలి. రోగిని పేరుతో పిలవరు. ‘పదో బెడ్ లివర్’ అంటారు. కాస్త అలవాటు పడేలోపు వార్డు మార్చేస్తారు. 1960లో అచ్చయిన తన అధ్యయనంలో మెంజీస్ చెప్పింది ఇదే: బాధకీ చావుకీ దగ్గరగా మసిలే మనిషికి కలిగే టెన్షన్ తనదాకా రాకుండా ఆ ఏర్పాటంతా అడ్డుగోడలా పనిచేస్తోంది. అయినా ఆ గోడ నర్సులను కాపాడలేదు. చదువు మధ్యలోనే మానేసి వెళ్లిపోతున్నవాళ్లు తక్కువేం లేరు.

డాక్టర్ల వైపు మౌనం ఇంకా గట్టిది. 1961లో అమెరికాలో అచ్చయిన ఒక సర్వేలో దాదాపు 90 శాతం డాక్టర్లు క్యాన్సర్ ఉందన్న సంగతి రోగికి చెప్పకపోవడమే మేలన్నారు. మరి రాత్రి రెండింటికి ‘నాకేమైంది సిస్టర్?’ అని రోగి అడిగేది ఎవరిని? డాక్టరు చెప్పని మాటకు జవాబు వెతుక్కోవాల్సింది నర్సే. చెప్పే అధికారం లేదు, అబద్ధమాడే ఓపిక లేదు. అందుకే ఆ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడకపోవడమే క్షేమం అనిపించేది.

ఈ పరిస్థితిని మార్చిన మనిషి నర్సుగా మొదలైనవారే. సిసిలీ సాండర్స్ రెండో ప్రపంచయుద్ధ కాలంలో లండన్‌లో నర్సింగ్ చదివారు. వెన్నునొప్పి వల్ల ఆ ఉద్యోగం కుదరక ఆసుపత్రిలోనే సోషల్ వర్కర్‌గా చేరారు. అక్కడ క్యాన్సర్‌తో చనిపోతున్న డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదుడు పరిచయమయ్యాడు. చావు దగ్గరపడినవాళ్ల కోసం ఒక చోటు ఉంటే ఎలా ఉండాలో ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. 1948లో పోతూపోతూ ఆయన 500 పౌండ్లు ఆమెకు వదిలి, మీరు కట్టే ఇంట్లో నేనొక కిటికీగా ఉంటాను అన్నాడట. ఆ ఇల్లు కట్టడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది.

ఈ మధ్యలో ఆమె ఒక చిన్న హాస్పిస్‌లో, అంటే చావు దగ్గరపడినవాళ్లను చూసుకునే చోట, వాలంటీరుగా పనిచేస్తూ ఒక సంగతి గమనించారు. మామూలు ఆసుపత్రిలో నొప్పి భరించలేనంతగా పెరిగాక రోగి అడగాలి, అప్పుడు ఇంజెక్షన్ ఇస్తారు. తగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ అడగాలి. ఈ హాస్పిస్‌లో మాత్రం నొప్పి వచ్చేదాకా ఆగరు. మార్ఫిన్‌ను నోటి ద్వారా వేళ ప్రకారం ఇస్తారు. చూడ్డానికి చిన్న తేడా. కానీ రోజంతా గడియారం వైపే చూస్తూ, ఇంకెంతసేపు అని లెక్కపెట్టుకునే రోగిని ఒక్కసారి చూసినవాళ్లకి అదెంత పెద్ద తేడానో తెలుస్తుంది. నొప్పి భయం పోయిన మనిషి మాట్లాడతాడు. భార్యతో, పిల్లలతో తేల్చుకోవాల్సినవి తేల్చుకుంటాడు. నర్సు కూడా ‘ఇంకా టైమ్ కాలేదు’ అని చెప్పి తప్పుకోవాల్సిన పనుండదు.

సాండర్స్ 39వ ఏట, 1957లో, డాక్టరయ్యారు. నొప్పి గురించి అడిగితే రోగులు ఒళ్లంతా, బతుకంతా తేడాగా ఉందని చెప్పడం వినివిని, నొప్పిలో శరీరంతోపాటు మనసు, కుటుంబం, నమ్మకం కూడా కలిసే ఉంటాయని రాశారు. దానికి ఆమె పెట్టిన పేరు ‘టోటల్ పెయిన్’. టాస్మాతో అనుకున్న ఆ ఇల్లు, సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, 1967లో లండన్‌లో తెరిచారు. 1969 నుంచి అక్కడి నర్సులు ఇళ్లకు కూడా వెళ్లడం మొదలైంది. ఆమె ప్రసంగం ఒకటి విన్న యేల్ నర్సింగ్ స్కూల్ డీన్ ఫ్లోరెన్స్ వాల్డ్ తర్వాత ఆ పదవే వదిలేసి, అమెరికాలో తొలి హాస్పిస్ 1974లో మొదలవడానికి కారణమయ్యారు.

అదే కాలంలో అమెరికాలో ఇద్దరు సమాజశాస్త్రవేత్తలు, గ్లేజర్, స్ట్రాస్, ఆసుపత్రుల్లో చావు చుట్టూ నడిచే మాటలను పరిశోధించి 1965లో ప్రచురించారు. వాళ్లు వర్ణించిన వాటిలో ఒకటి నన్ను వదలదు: పోతున్నానని రోగికి తెలుసు, నర్సుకి తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలుసు, అందరూ తెలియనట్టే నటిస్తుంటారు. వాళ్లతో పనిచేసిన నర్సు జీన్ క్వింట్ 1967లో తన పుస్తకంలో నర్సింగ్ చదువునే నిలదీశారు. పక్క సర్దడం, ఇంజెక్షన్ వేయడం ఇన్నేసి గంటలు నేర్పి, చనిపోతున్న మనిషితో ఏం మాట్లాడాలో చెప్పకుండానే వార్డులోకి పంపుతున్నారని.

1969లో మానసిక వైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ పుస్తకం వచ్చింది. చావు దగ్గరపడినవాళ్లనే పిలిచి, కూర్చోబెట్టి, మీకెలా ఉంది అని అడగడం ఆమె చేసిన అసలు పని. జనానికి గుర్తున్నది మాత్రం ఐదు దశలు: నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం. పోతున్నవాళ్ల గురించి చెప్పినదాన్ని పోగొట్టుకున్నవాళ్లకి కూడా అంటగట్టారు. ఒకసారి చెప్పుకున్నాక అదే కొలబద్ద అయిపోయింది. షిఫ్ట్ మారేటప్పుడు ‘ఆయన ఇంకా కోపం స్టేజ్‌లో ఉన్నాడు’ అంటే ఇక ఆ కోపానికి కారణం ఎవరూ అడగరు. నిన్నటి నుంచి పక్క మార్చలేదని ఆయన కోపం కావచ్చు!

దుఃఖం గురించిన అవగాహన వేరే దారిలో వచ్చింది. 1942లో బోస్టన్‌లోని ఒక నైట్‌క్లబ్‌లో మంటలు లేచి 492 మంది చనిపోయారు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లకు వైద్యం చేసిన ఎరిక్ లిండెమన్ 1944లో దుఃఖం శరీరంలో ఎలా కనిపిస్తుందో రాశారు: గొంతు బిగుసుకోవడం, పెద్ద నిట్టూర్పులు, ఒంట్లో సత్తువ లేకపోవడం. తర్వాత చాలాకాలం, పోయినవాళ్లను మరిచి ముందుకు సాగాలన్నదే సలహాగా నడిచింది. కాన్పులో బిడ్డ చచ్చి పుడితే తల్లికి చూపించకుండానే తీసుకెళ్లిపోయేవారు, చూడకపోతే బాధ తగ్గుతుందని. తగ్గలేదు. ఏళ్లు గడిచాక కూడా, నా బిడ్డ ముఖమెలా ఉంది అని అడిగే తల్లులు మిగిలారు. 1970ల నుంచి ఈ పద్ధతి నెమ్మదిగా మారింది. ఇప్పుడు చాలాచోట్ల నర్సు తల్లిని అడుగుతుంది, కావాలంటే బిడ్డను గుడ్డలో చుట్టి చేతికిస్తుంది. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు చెప్పిన మాట కూడా నర్సులకి బాగా పనికొస్తుంది. దుఃఖంలో ఉన్నవాళ్లు కాసేపు బాధలో మునుగుతారు, కాసేపు రోజువారీ పనుల్లో పడతారు, మళ్లీ మునుగుతారు. పొద్దున ఏడ్చిన కొడుకు మధ్యాహ్నం ఫోన్లో నవ్వితే అతనికి ప్రేమ లేదని కాదు.

మంచి పద్ధతి కూడా కాగితమైపోతే ఏమవుతుందో బ్రిటన్ చూసింది. హాస్పిస్‌లోని శ్రద్ధను మామూలు వార్డులకు తేవాలని 1990ల చివర్లో లివర్‌పూల్ కేర్ పాత్‌వే తయారుచేశారు, చివరి రోజుల్లో ఉన్న రోగిని ఎలా చూసుకోవాలో చెప్పే పద్ధతి అది. ఉద్దేశం మంచిదే. కొన్నిచోట్ల అది టిక్కులు పెట్టే ఫారంగా మిగిలింది. మాతో మాట్లాడకుండానే మొదలుపెట్టారని, నీళ్లు కూడా అందనివ్వలేదని కుటుంబాలు మొరపెట్టుకున్నాయి. 2013లో సమీక్ష జరిగి దాన్ని ఎత్తేయాలని నిర్ణయించారు.

ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5.68 కోట్ల మందికి పాలియేటివ్ కేర్, అంటే తీవ్రమైన జబ్బులో నొప్పినీ బాధనీ తగ్గించే సంరక్షణ, అవసరం. అందుతున్నది 14 శాతం మందికే. మిగతావాళ్లలో ఆసుపత్రిదాకా రాగలిగినవాళ్లు పోయేది ఆ చివరి మంచం మీదే, ఒకరి కింద చాలామంది రోగులున్న నర్సు చేతుల్లోనే. మింగలేని రోగి పెదవులు ఎండిపోతాయి. తడి స్పాంజితో చిగుళ్లు, నాలుక తుడిచి, పెదవులకు కాస్త క్రీము రాయడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. ‘మీరు చేస్తారా?’ అని ఆ స్పాంజి కూతురి చేతికిచ్చి, పక్కన నిలబడి చూపించడానికి ఇంకో ఐదు. ఆ ఐదు నిమిషాలు ఏ డ్యూటీ లెక్కలోనూ ఉండవు. వాటిని లెక్కలోకి తేకుండా, నర్సులకి జాలి ఉండాలని ఎన్ని క్లాసులు చెప్పినా ఉపయోగం లేదని నా గట్టి నమ్మకం.

నర్సు దుఃఖం సంగతి ఇంకా వెనకబడే ఉంది. అమెరికాలోని వర్జీనియా యూనివర్సిటీ ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సు జొనాథన్ బార్టెల్స్ ఒక చిన్న అలవాటు మొదలుపెట్టారు. రోగి ప్రాణం పోయిందని తేలాక, గ్లవ్స్ విప్పి ఎవరి దారిన వాళ్లు పోయే ముందు, ఇప్పటిదాకా ఈ మనిషి బతికి ఉన్నాడు, ఎవరికో కావలసినవాడు అని గుర్తుచేసి, ఒక్క నిమిషం ఆగుదామని అడుగుతారు. డాక్టర్లు, నర్సులు, అటెండర్లు మంచం చుట్టూ మాట్లాడకుండా నిలబడతారు. తర్వాత ఎవరి పనికి వాళ్లు వెళతారు.