చుక్క ముట్టని వాళ్ల లివర్‌లో కొవ్వు

మా పిన్ని కొడుకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వయసు 34. ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో స్కానింగ్ తీస్తే 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్', అంటే లివర్‌లో కొవ్వు చేరిన తొలి దశ, అని వచ్చింది. రిపోర్టు చూడగానే పిన్ని అడిగిన మొదటి మాట, "తాగుతున్నావేంట్రా?" వాడు చుక్క ముట్టడు. పాపం, ఆ రాత్రి వాళ్లమ్మకి ఒట్టేసి చెప్పుకోవాల్సి వచ్చింది.

వాడొక్కడి సంగతే కాదిది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 2025లో ఫలితాలు ప్రచురించారు. 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది. 71 శాతం మందికి ఊబకాయం. ఇంత చిన్న గుంపును చూసి ఉద్యోగులందరికీ ఇదే లెక్క అనలేం. కానీ చదివాక నాకు మాత్రం భయమేసింది.

మందు లేకుండా లివర్‌లోకి కొవ్వెలా వస్తుంది? అన్నం, ఇడ్లీ, పూరీ ఏది తిన్నా అందులోని పిండిపదార్థం అరిగి గ్లూకోజ్ అవుతుంది. అప్పటికి అవసరం లేనిదాన్ని ఒళ్లు గ్లైకోజెన్‌గా దాచుకుంటుంది. లివర్‌లో దానికున్న చోటు దాదాపు 100 గ్రాములు, కండరాల్లో అంతకు నాలుగైదు రెట్లు. పొద్దుటి నుంచి కుర్చీలో ఉన్న మనిషి కండరాలు నిండిన గాదెల్లాంటివి. కొత్త పంట వచ్చినా పోసే చోటుండదు. అలా మిగిలిపోయిన దాంట్లో కొంత లివర్ కొవ్వుగా మారుస్తుంది. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు కూడా కరిగి రక్తంలో కలిసి అక్కడికే చేరుతుంది. ఇవన్నీ నొప్పి లేకుండా జరుగుతాయి, అందుకే స్కానింగ్ దాకా ఎవరికీ తెలియదు.

మన భోజనం తీరు ఒకసారి చూడండి. పప్పన్నం, కూరన్నం, చారన్నం, పెరుగన్నం. నాలుగు వాయిలు, నాలుగింటా అన్నమే. మా తాత అలాగే తినేవాడు. కానీ తిని గట్టు మీద కాసేపు నడుం వాల్చి, మళ్లీ మడిలోకి దిగేవాడు. మావాడు అదే భోజనం చేసి లిఫ్టెక్కి ఐదో అంతస్తులో రెండు గంటల మీటింగ్‌లో కూర్చుంటాడు. తాత కండరాలు సాయంత్రంలోగా ఆ అన్నాన్ని ఖర్చు పెట్టేవి. వీడికి ఖర్చేది?

పైగా టీలు. రోజుకు ఐదు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకుంటే 40 గ్రాములు దాటుతుంది. 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. చక్కెరలో సగం గ్లూకోజ్ కాదు, ఫ్రక్టోజ్ అనే మరో రకం తీపి, దాని భారం ఎక్కువగా లివర్ మీదే పడుతుంది. రాత్రి పదిన్నరకి కాల్ అయ్యాక ఆర్డర్ చేసుకునే బిర్యానీ సంగతి సరేసరి. రాత్రయ్యే కొద్దీ, రక్తంలోని గ్లూకోజ్‌ను కండరాల్లోకి పంపే ఇన్సులిన్ పనితీరు మందగిస్తుంది కాబట్టి, అదే ముద్ద మధ్యాహ్నం కన్నా రాత్రి తింటే రక్తంలో చక్కెరను ఎక్కువగా పెంచుతుంది.

"నేను సన్నగానే ఉన్నాగా" అనుకునేవాళ్లకి పుణె డాక్టర్ యాజ్ఞిక్ ముచ్చట చెప్పాలి. ఆయన, బ్రిటన్‌లోని మిత్రుడు డాక్టర్ యుడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందో చూసే లెక్క) ఒకటే, 22.3. కొలిచి చూస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! ఇద్దరి ఫొటోతో సహా 2004లో లాన్సెట్ పత్రికలో ఇది వచ్చింది. మనవాళ్లలో చాలామందికి సన్నటి చొక్కా కిందే కొవ్వు దాగి ఉంటుంది.

ఇంతలో ఒక మంచి కబురు. ఈ దశలో లివర్ మళ్లీ కోలుకోగలదు. ఒంటి బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే కొవ్వే కాదు, వాపు కూడా చాలామందికి తగ్గుతుంది. తిన్న వెంటనే పది, పదిహేను నిమిషాలు నడిస్తే కదిలే కండరాలు ఇన్సులిన్ కోసం పెద్దగా చూడకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటాయి. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో తిన్నా రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు.

మావాడి బాక్సులో ఇప్పుడు చిక్కుడుకాయ కూర గిన్నె పెద్దది, అన్నం గిన్నె చిన్నది. పిన్నే మార్చింది. తిన్నాక ఆఫీసు చుట్టూ రెండు రౌండ్లు వేస్తాడు, ఆ టైములో నాకు ఫోన్ చేస్తాడు కూడా. ఆర్నెల్లలో 81 కిలోల నుంచి 75కి వచ్చాడు. మళ్లీ స్కానింగ్ వచ్చే నెల.