మిసిసిపీకి అటు ఒక న్యాయం, ఇటు ఒక న్యాయం: డిస్నీ కొన్న మార్వెల్ వీరులు ఓర్లాండో డిస్నీలో ఎందుకు కనిపించరు?

సెలవులకు పిల్లలను తీసుకుని అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండోకు వెళ్ళే తెలుగు కుటుంబాలకు తరచూ ఎదురయ్యే సందేహం ఒకటుంది. మార్వెల్ అనే కామిక్ పుస్తకాల సంస్థ సృష్టించిన స్పైడర్ మ్యాన్, కెప్టెన్ అమెరికా, హల్క్ పాత్రల యజమాని డిస్నీ అని పిల్లలకు కూడా తెలుసు. అయినా అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు పార్కులూ కాళ్ళరిగేలా తిరిగినా ఆ వీరుల పేరు మీద ఒక్క రైడ్ కూడా కనిపించదు. వాళ్ళను చూడాలంటే కారెక్కి, అదే ఊళ్ళో డిస్నీకి ప్రధాన పోటీదారు అయిన యూనివర్సల్ సంస్థ పార్కుకు వెళ్ళాలి. ఈ విడ్డూరానికి కారణం డిస్నీ నిర్లక్ష్యం కాదు, యూనివర్సల్ మొండితనమూ కాదు. డిస్నీ మార్వెల్‌ను కొనడానికి పదిహేనేళ్ళ ముందే, అప్పటి మార్వెల్ యాజమాన్యం చేసిన ఒక సంతకం దీనికి మూలం.

2009 ఆగస్టు 31న, మార్వెల్ ఎంటర్‌టైన్‌మెంట్‌ను సుమారు 400 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు డిస్నీ ప్రకటించింది. ఐదు వేలకు పైగా పాత్రలు ఆ కొనుగోలుతో డిస్నీ చేతికి వస్తాయని ఆ ప్రకటనలోనే చెప్పింది. ఆ ఏడాది చివరి రోజైన డిసెంబరు 31న లావాదేవీ పూర్తయింది. అప్పటి డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ అంతకు మూడేళ్ళ ముందు, 2006లో, యానిమేషన్ చిత్రాల సంస్థ పిక్సార్‌ను 740 కోట్ల డాలర్లకు కొన్నారు. సొంత పాత్రలున్న సంస్థను కొనడం, ఆ పాత్రలను సినిమా, టెలివిజన్, బొమ్మలు, పార్కులు అన్నింటిలో కలిపి వాడుకోవడం ఆయన వ్యూహం. ఈ గొలుసులో పార్కు చిన్న లంకె ఏమీ కాదు. సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. పార్కులోని రైడ్ మాత్రం పదేళ్ళు, ఇరవై ఏళ్ళు జనాన్ని రప్పిస్తూనే ఉంటుంది. అందుకే మార్వెల్ కొనుగోలు వార్త వెలువడగానే, ఓర్లాండో డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ కోట పక్కన ఐరన్ మ్యాన్ ఎప్పుడు నిలబడతాడన్న ప్రశ్న అందరి నోటా వినిపించింది. అప్పటికే అమల్లో ఉన్న ఒప్పందాలను గౌరవిస్తామని డిస్నీ జవాబిచ్చింది. ఆ ఒక్క మాట వెనుక ఎంత బరువుందో గ్రహించాలంటే 1990ల తొలినాళ్ళకు వెళ్ళాలి.

మార్వెల్‌ను 1989లో రొనాల్డ్ పెరల్‌మన్ అనే పెట్టుబడిదారు 8.25 కోట్ల డాలర్లకు కొన్నారు. కామిక్ పుస్తకాలను కొని భద్రంగా దాచుకుంటే తర్వాత మంచి ధర పలుకుతాయన్న ఆశ అమెరికాలో అప్పట్లో విపరీతంగా ఉండేది. ఒకే సంచికను నాలుగైదు అట్టలతో అచ్చువేసేవారు, అభిమానులు అన్నింటినీ కొనేవారు. చదవడానికి కాక దాచడానికి కొన్న ఆ పుస్తకాలు లక్షల కొద్దీ పోగయ్యాక వాటికి ధర ఎక్కడ నుంచి వస్తుంది? 1993 నుంచి ఆ మార్కెట్ కూలడం మొదలైంది. సినిమాల సంగతి అంతకంటే నయమేమీ కాదు. మార్వెల్ వీరులతో భారీ చిత్రాలు తీసి కాసులు రాబట్టవచ్చని అప్పటికి ఏ స్టూడియో నిరూపించలేదు. లైసెన్సుల రూపంలో ఎవరు ఎంత ఇస్తే అంత తీసుకోవడమే సంస్థకు మిగిలిన దారి.

1994 మార్చి 22న, యూనివర్సల్ స్టూడియోల మాతృసంస్థ అయిన ఎంసీఏతో మార్వెల్ ఒప్పందం కుదుర్చుకున్నది ఇటువంటి కాలంలోనే. ఓర్లాండోలో యూనివర్సల్ కట్టబోయే రెండో పార్కులో మార్వెల్ పాత్రలతో ఒక ప్రాంతం ఏర్పాటు చేయాలన్నది ఉద్దేశం. ప్రతిగా మార్వెల్‌కు ఏటా రుసుము, అమ్మే వస్తువులపై రాయల్టీ దక్కుతాయి. ఒప్పందం కుదిరిన మూడేళ్ళలోపే, 1996 డిసెంబరులో, మార్వెల్ దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. మరో పెట్టుబడిదారు కార్ల్ ఐకాన్‌కూ పెరల్‌మన్‌కూ మధ్య పెద్ద పోరే జరిగింది. చివరికి 1998లో, ఐజాక్ పెర్ల్‌మటర్, అవీ అరాద్‌లకు చెందిన టాయ్ బిజ్ అనే బొమ్మల కంపెనీ మార్వెల్‌ను తనలో కలుపుకుంది.

ఈ గొడవలన్నీ సాగుతుండగానే ఓర్లాండోలో పార్కు కట్టడం పూర్తయింది. 1999 మే 28న ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కు తెరుచుకుంది. అందులో ఒక ప్రాంతం పేరు మార్వెల్ సూపర్ హీరో ఐలాండ్. లోపలికి అడుగుపెడితే సినిమా సెట్‌లోకి కాక, అచ్చయిన కామిక్ పుటలోకి దిగినట్టుంటుంది. గోడలు ముదురు రంగులతో బల్లపరుపుగా కనిపిస్తాయి, వీరుల బొమ్మలు కాగితం మీద గీసిన గీతల్లాగే నిలువెత్తున ఉంటాయి. ఆకుపచ్చని హల్క్ రోలర్ కోస్టర్ తలల మీదుగా గర్జిస్తూ దూసుకుపోతుంది. స్పైడర్ మ్యాన్ రైడ్‌లో త్రీడీ కళ్ళద్దాలు పెట్టుకుని పన్నెండు మంది ఒక బండిలో కూర్చుంటారు. ఆ బండి అటూ ఇటూ తిరుగుతూ, ఊగుతూ తెరల మధ్య నుంచి సాగి, ఎత్తయిన మేడ మీద నుంచి నేలకు పడిపోతున్నట్టు భ్రమ కలిగిస్తుంది. నిజానికి బండి పెద్ద ఎత్తు నుంచి దిగదు. కళ్ళే మనల్ని మోసం చేస్తాయి. ఈ రైడ్‌ను తర్వాత 2012లో కొత్త చిత్రీకరణతో మెరుగుపరిచారు.

ఇక ఒప్పందంలోని షరతుల సంగతి. మార్వెల్ అప్పట్లో స్టాక్ మార్కెట్లో నమోదైన సంస్థ కాబట్టి ఈ పత్రం ప్రభుత్వ దస్త్రాలకు చేరింది, ఆసక్తి ఉన్నవారు ఎవరైనా చదవవచ్చు. అందులో అమెరికాను మిసిసిపీ నది ఆధారంగా రెండుగా విడగొట్టారు. నదికి తూర్పున, యూనివర్సల్ వాడుతున్న పాత్రలను మరే థీమ్ పార్కుకూ మార్వెల్ ఇవ్వకూడదు. నదికి పడమట వేరే పార్కులు ఆ పాత్రలను వాడుకోవచ్చు, కానీ ఆకర్షణ పేరులో గానీ ప్రచారంలో గానీ ‘మార్వెల్’ అన్న పేరు ఉండకూడదు. ఫ్లోరిడా నదికి తూర్పున ఉంది. డిస్నీ తొలి పార్కు డిస్నీల్యాండ్ ఉన్న కాలిఫోర్నియా పడమటి కొసన ఉంది. పత్రం రాసిన న్యాయవాదులు డిస్నీ ఏదో ఒకనాడు మార్వెల్‌నే కొనేస్తుందని ఊహించి ఉండరు. వాళ్ళు గీసిన గీత మాత్రం సరిగ్గా డిస్నీ రెండు సామ్రాజ్యాల మధ్యగా పడింది.

చాలామంది ఈ నది దగ్గరే ఆగిపోతారు. నా దృష్టిలో అంతకంటే కీలకమైనది ‘వాడుతున్న పాత్ర’ అన్న మాటకు పత్రం ఇచ్చిన నిర్వచనం. గోడ మీద ఎక్కడో ఒక మూల బొమ్మ ఉంటే వాడుతున్నట్టు కాదు. పాత్ర ఒక రైడ్‌లో ముఖ్యాంశంగా ఉండాలి, లేదా వేషధారి రూపంలో జనం ముందుకు రావాలి, లేదా ఒక దుకాణానికో భోజనశాలకో అలంకరణలో ప్రధానంగా ఉండాలి. దానితోపాటు యూనివర్సల్ ప్రచారంలోనూ కనిపిస్తూ ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక పాత్రను వాడితే ఆ పాత్ర ‘కుటుంబం’ మొత్తాన్నీ వాడుతున్నట్టే లెక్క. ఫెంటాస్టిక్ ఫోర్, అవెంజర్స్ వంటి బృందాలను పత్రమే ఉదాహరణగా చెబుతుంది. వీరుడితో తలపడే ప్రతినాయకులు కూడా ఆ కుటుంబం కిందికే వస్తారు. సూపర్ హీరో ఐలాండ్‌లో అవెంజర్స్ సభ్యుడి పేరుతో కెప్టెన్ అమెరికా డైనర్ అనే బర్గర్ల హోటల్, ఫెంటాస్టిక్ ఫోర్ పేరుతో కేఫ్ 4 అనే పిజ్జా హోటల్ ఉన్నాయి. చూడటానికి అవి తిండి దొరికే చోట్లే. ఈ నిర్వచనం వెలుగులో చూస్తే అవి కంచెలు కూడా. 2000లో అదే ప్రాంతంలో ఎక్స్-మెన్ బృందంలోని స్టార్మ్ పేరుతో వచ్చిన చిన్న రైడ్ ఆ కుటుంబానికి కాపలా కాస్తుంది.

ఈ హక్కుకు ఓర్లాండోలో ముగింపు తేదీ లేకపోవడం మరో విశేషం. యూనివర్సల్ ఆ ప్రాంతాన్ని నిబంధనల ప్రకారం నడుపుతున్నంత కాలం అది కొనసాగుతుంది. ఈలోగా యూనివర్సల్ యాజమాన్యం కూడా ఎన్నో చేతులు మారింది. 1995లో సీగ్రామ్, 2000లో వివెండీ, 2004లో జనరల్ ఎలక్ట్రిక్, 2011లో కామ్‌కాస్ట్. ఇటు మార్వెల్ పెరల్‌మన్ నుంచి టాయ్ బిజ్‌కు, అక్కడి నుంచి డిస్నీకి వెళ్ళింది. సంతకాలు చేసిన ఇద్దరిలో ఎవరూ పాత యజమానుల చేతిలో లేరు, పత్రం మాత్రం అలాగే ఉంది. పొలం కొన్నవాడికి దాని మీద ఉన్న కౌలు కూడా సంక్రమిస్తుందని మన పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. డిస్నీ కొన్న పొలంలో కౌలుదారు తన సొంత పోటీదారు. ఆ కౌలు సొమ్ము 2009 తర్వాత డిస్నీ ఖాతాకే చేరుతోంది.

హక్కులు లేని చోట ఆగిపోయి, ఉన్న చోటల్లా డిస్నీ ముందుకు సాగింది. అమెరికా గడ్డ దాటితే మిసిసిపీ గీత వర్తించదు కాబట్టి మొదటి రైడ్ ఆసియాలో వచ్చింది. 2017 జనవరిలో హాంకాంగ్ డిస్నీల్యాండ్‌లో ఐరన్ మ్యాన్ ఎక్స్‌పీరియన్స్ మొదలైంది. అదే ఏడాది మే 27న, కాలిఫోర్నియా అడ్వెంచర్ పార్కులోని పాత టవర్ ఆఫ్ టెర్రర్ కట్టడాన్ని గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ రైడ్‌గా మార్చారు. 2021 జూన్ 4న అక్కడే అవెంజర్స్ క్యాంపస్ తెరుచుకుంది. పేరు గమనించండి, అందులో ‘మార్వెల్’ లేదు. పారిస్‌లో ఆ ఇబ్బంది లేదు. అక్కడి న్యూయార్క్ హోటల్‌ను 2021లో ‘ది ఆర్ట్ ఆఫ్ మార్వెల్’ అన్న పేరుతో తిరిగి తెరిచారు, 2022 జులైలో అక్కడా అవెంజర్స్ క్యాంపస్ వచ్చింది.

ఫ్లోరిడాలో తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. యూనివర్సల్ వాడని కుటుంబం ఏదైనా ఉంటే దాన్ని డిస్నీ వాడుకోవచ్చు కదా. గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ అటువంటిది. 1994లో సాధారణ పాఠకులు పెద్దగా పట్టించుకోని ఆ బృందం, 2014లో వచ్చిన చిత్రంతో ఇంటింటికీ తెలిసింది. ఓర్లాండో ఎప్‌కాట్ పార్కులో ఇంధన శక్తి గురించి చెప్పే పాత ప్రదర్శన 2017 ఆగస్టులో ముగిసింది. ఆ స్థలంలో గార్డియన్స్ పాత్రలతో కాస్మిక్ రివైండ్ అనే రోలర్ కోస్టర్ 2022 మే 27న మొదలైంది. చీకట్లో వెనక్కి దూసుకుపోతూ మొదలయ్యే ఆ రైడ్ కోసం జనం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. అమెరికా తూర్పు భాగంలోని డిస్నీ పార్కులో మార్వెల్ పాత్రలతో వచ్చిన మొదటి రైడ్ అది. దాన్ని ఎక్కాలంటే స్పైడర్ మ్యాన్ అభిమాని అయిన పిల్లవాడు గార్డియన్స్ బృందంలోని రాకెట్, గ్రూట్‌లతో సరిపెట్టుకోవాలి.

డిస్నీ చేసిన ఇతర కొనుగోళ్ళతో పోలిస్తే ఈ చిక్కు ఎంత ప్రత్యేకమో తెలుస్తుంది. 2012లో స్టార్ వార్స్ చిత్రాల సంస్థ లూకాస్‌ఫిల్మ్‌ను 405 కోట్ల డాలర్లకు డిస్నీ కొంది. స్టార్ వార్స్ పాత్రలను పార్కులలో వాడే లైసెన్స్ అంతకు చాలా ముందు నుంచే, 1987లో వచ్చిన స్టార్ టూర్స్ రైడ్ కాలం నుంచీ, డిస్నీ దగ్గరే ఉంది. అడ్డు చెప్పే కౌలుదారు లేడు. అందుకే 2019లో స్టార్ వార్స్ పార్కు ప్రాంతం మే 31న కాలిఫోర్నియాలోనూ, ఆగస్టు 29న ఫ్లోరిడాలోనూ తెరుచుకుంది. అదే 2019 మార్చిలో ఫాక్స్ సంస్థను డిస్నీ కొన్నప్పుడు ఎక్స్-మెన్, ఫెంటాస్టిక్ ఫోర్ సినిమా హక్కులు వెనక్కి వచ్చాయి. సినిమా హక్కు వేరు, పార్కు హక్కు వేరు కాబట్టి ఓర్లాండోలో దాని వల్ల మారినదేమీ లేదు. పైగా ఆ కొనుగోలుతో డిస్నీ సొత్తయిన కార్టూన్ పాత్రలు సింప్సన్స్ కుటుంబం కూడా 2008 నుంచి యూనివర్సల్ పార్కుల్లోనే ఉంది.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు తెలిసిన ఉదాహరణ మరొకటుంది. 2016లో దుబాయ్‌లో తెరిచిన ఐఎంజీ వరల్డ్స్ ఆఫ్ అడ్వెంచర్ అనే ఇండోర్ పార్కు డిస్నీది కాదు. అయినా లైసెన్స్ తీసుకుని, అవెంజర్స్, హల్క్, థోర్, స్పైడర్ మ్యాన్ రైడ్‌లతో ఒక మార్వెల్ ప్రాంతం పెట్టింది. పాత్ర యజమాని ఎవరన్నది ఒక ప్రశ్న, దాన్ని ఏ గడ్డ మీద ఎవరు నిలబెట్టవచ్చన్నది మరో ప్రశ్న అని ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం.

జపాన్‌లో యూనివర్సల్ హక్కు ఇప్పటికే ముగింపుకు వచ్చింది. ఒసాకాలోని యూనివర్సల్ స్టూడియోస్ జపాన్‌లో 2004లో మొదలైన స్పైడర్ మ్యాన్ రైడ్ 2024 జనవరి 22న చివరిసారిగా నడిచింది. చివరి రోజు దాన్ని ఎక్కడానికి అభిమానులు బారులు తీరారు. ఓర్లాండోలో మాత్రం అటువంటి సూచన ఏదీ లేదు. హల్క్ కోస్టర్‌ను యూనివర్సల్ 2015 సెప్టెంబరులో ఆపి, పట్టాలు, బళ్ళు కొత్తవి వేసి, 2016 ఆగస్టులో మళ్ళీ నడిపింది. అద్దె ఇంటికి అంత ఖర్చు పెట్టి మరమ్మతు చేయించినవారు త్వరలో ఖాళీ చేస్తారని ఎవరూ అనుకోరు.