ఐపీ తెలిస్తే ఇల్లు తెలిసినట్టేనా?

విజయవాడ

చిరంజీవులకు ఆశీస్సులు.

ఆన్‌లైన్ ఆటలో గొడవపడ్డవాడెవడో "నీ ఐపీ నా దగ్గరుంది, మీ ఇంటికొస్తా" అంటే చాలామంది పిల్లలు హడలిపోతారు. ఇంట్లో కూడా చెప్పరు. ఐపీ అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే అంకెల అడ్రస్. ఆ అంకెలతో వాడికి ఏం తెలుస్తుందో మీరే చూడండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో మీ వైఫై పేరు మీద నొక్కి కిందికి జరపండి. 192.168.1.7 లాంటిదొకటి కనిపిస్తుంది. అది మీ ఇంటి రౌటర్ ఇచ్చిన నంబరు. పటమటలో మీ ఫోనుకీ, గుణదలలో మీ స్నేహితుడి ఫోనుకీ అదే ఉన్నా తగువు రాదు, ఎందుకంటే అది ఇల్లు దాటి బయటికి పోదు. ఇప్పుడు గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతకండి. ఇంకో అడ్రస్ వస్తుంది. బయటివాళ్లు చూసేది అదే. కవరు మీద అపార్ట్‌మెంట్ పేరొక్కటే ఉండి, ఏ ఫ్లాటుకివ్వాలో వాచ్‌మన్‌కే తెలిసినట్టు! ఆ వాచ్‌మన్ మీ రౌటర్.

పాత పద్ధతి (ఐపీవీ4) అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లే. పంచడానికి మిగిలిన ఆఖరి వాటాలు 2011 ఫిబ్రవరిలో అయిపోయాయి. అందుకే ఇప్పుడు కంపెనీలు ఒక్క అడ్రస్‌నే ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నాయి. కొత్తదైన ఐపీవీ6లో ఆ కరువు లేదు. అందులో ఫోనుకి సొంత అడ్రసే దొరుకుతుంది కాబట్టి, దాని చివరి సగాన్ని ఫోన్ తరచూ మార్చేసుకుంటూ ఉంటుంది.

ఐపీని బట్టి తెలిసేది మీ ఇంటర్నెట్ కంపెనీ, దేశం, సుమారుగా ఊరు. ఆ ఊరూ తప్పొచ్చు. బెంజ్ సర్కిల్‌లో కూర్చున్నా హైదరాబాద్ అని చూపించొచ్చు, మీ డేటా అక్కడినుంచి బయటికి వెళుతుంటే. డోరు నంబరు మాత్రం అందులో ఉండదు.

అలాగని ఎవరికీ దొరకమనుకోవద్దు. ఏ గంటకు ఏ అడ్రస్ ఏ కనెక్షన్‌కిచ్చారో కంపెనీ రికార్డులో ఉంటుంది. పోలీసులు చట్టప్రకారం అడిగితే ఇస్తుంది. అడ్రస్‌ను చాలామంది పంచుకుంటారు కాబట్టి ఐపీ ఒక్కటే సరిపోదు. సెకన్లతో సహా సమయం, పోర్టు నంబరు (ఒకే అడ్రస్ పంచుకునేవాళ్ల కనెక్షన్లను విడదీసే అంకె) కూడా కావాలి. సర్వర్ రికార్డులు చాలావరకు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మన రాత్రి 9:30 అక్కడ సాయంత్రం 4:00. ఆ తేడా కలపడం మరిస్తే ఏ పాపమూ తెలియనివాళ్ల ఇంటి తలుపు తడతారు.

బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో మోడ్ ఐపీని దాచదు, మీ ఫోన్‌లో హిస్టరీ మిగల్చదంతే. వీపీఎన్ (మన డేటాను వేరే సర్వర్ మీదుగా పంపే సేవ) పెడితే సైట్‌కి మీ ఐపీ కనిపించదు గానీ, వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది. ఉచితంగా ఇచ్చేవాళ్ల చేతికి అంత నమ్మకం అప్పగించడం నాకు ఇష్టం లేదు.

వాట్సాప్ కాల్ ఒక ఫోన్ నుంచి రెండో ఫోనుకి నేరుగా వెళ్లొచ్చు, అప్పుడు ఐపీ అవతలివాళ్లకు అందుతుంది. సెట్టింగ్స్, ప్రైవసీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి 'ప్రొటెక్ట్ ఐపీ అడ్రస్ ఇన్ కాల్స్' ఆన్ చేయండి. మాట స్పష్టత కాస్త తగ్గినట్టు అనిపించినా ఫరవాలేదు. ఆటల యాప్‌లకు లొకేషన్ అనుమతి తీసేయండి. ఇల్లు పట్టిచ్చేది ఐపీ కంటే ఎక్కువగా అదీ, యూనిఫాంతో పెట్టిన ఫొటోలూ.

ఎవరైనా బెదిరిస్తే సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. చాట్ చెరపకుండా ఆ రోజే అమ్మకో నాన్నకో చూపించి, ఆ తర్వాతే వాణ్ణి బ్లాక్ చేయండి.

మీ తాతయ్య