కటింగ్ ముక్కల నుంచి కొత్త నూలు: అపోహలు - వాస్తవాలు

పీణ్య, బొమ్మనహళ్ళి గార్మెంట్ యూనిట్లలో కటింగ్ బల్లల కింద మిగిలే ముక్కలతో నూలు తీయించి, సొంతంగా గుడ్డ నేయించాలని బెంగళూరులో బొటీక్ పెట్టుకున్న మనవాళ్ళు చాలామంది అనుకుంటున్నారు. మంచి ఆలోచన. కానీ నూలు మంచిచెడ్డలు సగం ఆ బల్ల దగ్గరే తేలిపోతాయి. అక్కడి పొరపాటును తర్వాత ఏ మిల్లూ దిద్దలేదు.

అపోహ: చూడ్డానికి కాటనైతే చాలు, నూలవుతుంది.

వాస్తవం: నూరు శాతం కాటన్ బనియన్ గుడ్డ తేలిగ్గా విడిపోతుంది. బిగువుగా నేసిన డెనిమ్, కాన్వాస్ మొండికేస్తాయి. లైక్రా ఉంటే తెగకుండా సాగి, గుడ్డను చింపే మిషన్ ముళ్ళ రోలర్లకు చుట్టుకుంటుంది. అనుమానమొస్తే రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టి వెలిగించండి. కాగితం కాలిన వాసనొచ్చి, బూడిద వేళ్ళ మధ్య మెత్తగా నలిగితే కాటన్. కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్ కలిసినట్టే. ఓవర్‌లాక్ కుట్టు పడిన అంచులు, సైజు స్టిక్కర్లు సంచిలోకి పోనివ్వకండి. పాలిస్టర్ కుట్టుదారం సరిగ్గా విడిపోక నూలులో ఉండలుగా తేలుతుంది.

అపోహ: మంచి మిషన్ ఉంటే 40 కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) కూడా తీయొచ్చు.

వాస్తవం: శంకర్-6 రకం కొత్త పత్తి పీచు 28-29 మి.మీ. ఉంటుంది. పురిపెట్టి అల్లేసిన గుడ్డను చింపినప్పుడు ఆ పీచు తెగి, చాలావరకు సగానికి పడిపోతుంది. పొట్టి పీచుకు పక్క పీచును పట్టుకునే చోటు తక్కువ, అందుకే నూలుకు బలం చాలదు. ఇలాంటి పీచును ఎక్కువగా ఓపెన్ ఎండ్ పద్ధతిలో (కదురు బదులు తిరిగే రోటార్‌లో పురిపెట్టడం), 6 నుంచి 20 కౌంటు లోపు వడుకుతారు. అంతకన్నా సన్నం కావాలంటే కొత్త పత్తి పాలు పెంచాల్సిందే. తువ్వాళ్ళు, దుప్పట్లు, జంపఖానాలు, బరువైన జాకెట్ గుడ్డ దీనికి అచ్చంగా సరిపోతాయి. పల్చటి చీర నేయిద్దామనుకోకండి.

అపోహ: పడుగుకూ పేకకూ ఇదే నూలు వాడితేనే నిజమైన రీసైక్లింగ్.

వాస్తవం: పడుగు పోగు బిగువు మీద ఉండి, అచ్చులో (పేకను దగ్గరకు కొట్టే దువ్వెన లాంటి భాగం) ప్రతి దెబ్బకూ రాసుకుంటుంది. పొట్టి పీచు నూలు అక్కడ నూగు రేగి తెగుతుంది, మగ్గం ఆగుతుంది. పడుగుకు కొత్త కాటన్ 2/20 (రెండు 20 కౌంటు పోగులు కలిపి పురిపెట్టినది, మందం 10 కౌంటంత), పేకకు 10 కౌంటు రీసైకిల్డ్ వాడండి. అంగుళానికి రెండూ 40 పోగులైతే బరువు సుమారు సగం సగం. పేకలో 70 శాతమే పాత పీచైతే మొత్తం గుడ్డలో అది 35 శాతం. ట్యాగు మీద ఆ అంకెనే వేయండి. జీఆర్‌ఎస్ (గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్) లోగో వేసుకోవాలంటే సర్టిఫికెట్‌తో పాటు పాత పీచు కనీసం 50 శాతం ఉండాలి.

అపోహ: మళ్ళీ రంగు అద్దక తప్పదు.

వాస్తవం: రంగుల వారీగా ఏరితే అద్దకమే అక్కర్లేదు, ఇందులో అసలు అందం అదే. కాకపోతే నీలం సంచిలో ఎర్ర ముక్క ఒక్కటి పడినా నూలంతా ఎర్ర నలుసులు కనిపిస్తాయి. లాటుకూ లాటుకూ ఛాయ కూడా మారుతుంది. రెండు లాట్లు కలపాల్సి వస్తే రెండు కోన్ల నుంచి పేకను మార్చి మార్చి వేయించండి, గుడ్డలో పట్టీలు పడవు.

అపోహ: బాటిళ్ళ నుంచి చేసిన పాలిస్టరూ ఇదే కోవ.

వాస్తవం: కాదు. దానివల్ల బట్టల చెత్త ఒక్క కిలో కూడా తగ్గదు.

అపోహ: పదికిలోల ముక్కలున్నా మిల్లు తీసుకుంటుంది.

వాస్తవం: లాటు మారిన ప్రతిసారీ లైనంతా శుభ్రం చేయాలి, అందుకే అంత తక్కువ ఎక్కించరు. మూడు నాలుగు యూనిట్లు కలిసి ఒకే రంగు, ఒకే రకం ముక్కలు పోగుచేయండి. కటింగ్ మాస్టర్ పక్కనే రంగుకో సంచి తగిలించండి. నేల మీద పడ్డాక ఏరడం రెట్టింపు పని.