తంగేడు అనుకుని కసివింద కోయకండి

మూలికల ముడిసరుకు పరీక్షించడం నా పని. చెన్నైలో వానలు పడ్డాక ఖాళీ ప్లాట్ల నిండా పసుపు పూలు విచ్చుకుంటాయి. ఇక నా ఫోనుకు ఫొటోలు మొదలు: "ఇది తంగేడేనా అండీ? టీ కాచుకోవచ్చా?" చాలాసార్లు అది కసివింద, గింజలు విషమైన మరో మొక్క.

అపోహ: పూలు పసుపు, ఆకులు చింతాకులా ఉంటే తంగేడే.

వాస్తవం: రెండూ సెన్నా జాతివే కాబట్టి ఆ పోలిక సహజం. పూలను వదిలేసి ఆకు చూడండి. తంగేడు రెమ్మకు సుమారు 8 నుంచి 12 జతల చిన్న గుండ్రటి ఆకులుంటాయి. రెమ్మ కొమ్మకు అతికిన చోట చెవి ఆకారంలో వెడల్పాటి ఆకు ఉంటుంది. కసివిందకు ఆ చెవి ఉండదు. ఆకులు 4 నుంచి 6 జతలే, పెద్దవి, మొనదేలి ఉంటాయి, నలిపితే వెగటు వాసన. తంగేడు కాయ కాగితంలా పల్చన. కసివింద కాయ సన్నగా, పొడుగ్గా ఉండి అంచులు లేత రంగులో కనిపిస్తాయి.

అపోహ: కసివింద కూడా మందు మొక్కే, గింజలతో కాఫీ కాస్తారు, ఏం కాదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు కోపం ఆగదు. కాఫీకి వాడేది బాగా వేయించిన గింజలు. పిల్లలు తినేది పచ్చివి, బఠాణీల్లా ఒలుచుకుని. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లలు వాంతులు, స్పృహ తప్పడంతో చనిపోతుంటే మెదడువాపు అనుకున్నారు. కారణం ఈ గింజలేనని పిల్లల డాక్టర్లు 2007లో ప్రచురించారు. కాలేయం, కండరాలు, మెదడు మూడూ దెబ్బతింటాయి. విరుగుడు మందు లేదు.

వేళచ్చేరిలో ఉండే ఒక నెల్లూరు అమ్మాయి, పాప ఆ కాయలతో ఆడుకుందని ఏడుస్తూ ఫోన్ చేసింది. తాకినంత మాత్రాన విషం ఎక్కదమ్మా అన్నాను. నోట్లో పెట్టుకుందేమోనన్న అనుమానం ఉందని చెప్పింది, వెంటనే ఆసుపత్రికి పొమ్మన్నాను, కొమ్మ కూడా పట్టుకెళ్ళమన్నాను. పాప క్షేమం. మీరూ అంతే చేయండి. వాంతులు మొదలయ్యేదాకా ఆగకండి, ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి కక్కించకండి.

అపోహ: తంగేడు పూల టీ తాగితే షుగర్ మాత్రలు మానేయొచ్చు.

వాస్తవం: మానకూడదు. ఆ మాట చెప్పే వాట్సాప్ మెసేజ్ వస్తే డిలీట్ చేయండి.

అపోహ: వీధుల్లో, పార్కుల్లో ఏడాదంతా పూసే చెట్టు కూడా తంగేడే.

వాస్తవం: అది తోటల కోసం పెంచే మరో సెన్నా. బతుకమ్మ పేర్చడానికి ఆ పూలు కోసుకోండి, టీకి మాత్రం వద్దు.